ఎసరు వేరు, ఉడుకు వేరు

వంటలో కొలతలు పెరిగినట్టు కాలం పెరగదు. నలుగురికి పావుకిలో బియ్యం అరగంటలో అన్నమైతే, నలభైమందికి రెండున్నర కిలోలు ఐదు గంటలు పట్టవు. అలాగని అరగంటలోనూ అయిపోవు. కాలాన్ని పదితో హెచ్చవేసినవారి కూర ముద్దయిపోతుంది, హెచ్చవేయనివారి అన్నం పలుకుగా ఉండగానే విస్తళ్ళు పడిపోతాయి.

చిక్కంతా 'వంట సమయం' అనే ఒక్క మాటలో ఉంది. ఆ మాట కింద నాలుగు వేర్వేరు కాలాలున్నాయి: ఎసరు కాగే కాలం, గింజో ముక్కో ఉడికే కాలం, నీరు ఇగిరే కాలం, దించాక గిన్నెలోనే మగ్గే కాలం. మొదటిది పరిమాణంతోపాటు పెరుగుతుంది. రెండోదానికి పరిమాణంతో పనిలేదు. మూడోది గిన్నె మూతినీ పొయ్యి బలాన్నీ బట్టి ఉంటుంది. నాలుగోది ఎవరూ చూడకుండా పెరిగిపోతుంది. ఇంట్లో చిన్న గిన్నెలో నాలుగూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకటే అనిపిస్తాయి. గుండిగ దగ్గరికి వచ్చేసరికి విడివిడిగా బయటపడతాయి.

గోదావరి జిల్లాల్లో ఈ అవసరం వంటమేస్త్రులకే కాదు, మామూలు ఇల్లాళ్ళకూ వస్తుంది. కార్తీకమాసంలో కొబ్బరితోటల్లో వనసమారాధన, గుడి దగ్గర అన్నదానం, ఇంట్లో వ్రతం, ఊళ్ళో బడి భోజనం. రోజూ ఐదుగురికి వండే చేతికి ఒక్కసారిగా వందమంది లెక్క వచ్చి పడుతుంది. బడి లెక్కే ఉదాహరణగా తీసుకోవచ్చు. మధ్యాహ్న భోజన పథకం నిబంధన ప్రకారం ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు. వందమంది పిల్లలుంటే పది కిలోల బియ్యం, రెండు కిలోల పప్పు, ఐదు కిలోల కూరగాయలు. బియ్యం ఇంటి పావుకిలోకి నలభై రెట్లు.

ముందు ఎసరు సంగతి. 30 డిగ్రీల నీటిని 100 డిగ్రీలకు తేవడానికి లీటరుకు సుమారు 294 కిలోజూళ్ళ వేడి కావాలి. ఇంటి గ్యాస్ పొయ్యి పెద్ద బర్నరు మీద గిన్నెకు నిజంగా అందేది ఒకటిన్నర కిలోవాట్లకు కాస్త ఎక్కువ. ఆ లెక్కన ఐదు లీటర్ల ఎసరు పావుగంటలో మరుగుతుంది. అదే పొయ్యి మీద యాభై లీటర్లు పెడితే కనీసం రెండున్నర గంటలు. నిజానికి ఇంకా ఎక్కువే, ఎందుకంటే అంతసేపూ గుండిగ ఒళ్ళు బయటికి వేడి వదులుతూనే ఉంటుంది. గంటకు కిలో గ్యాసు తాగే పెద్ద పొయ్యి అయితే ఆ యాభై లీటర్లూ నలభై నిమిషాల్లో మరుగుతాయి. పెద్ద వంటలో ఆలస్యం చాలావరకు ఇక్కడే జరుగుతుంది. గిన్నె పెంచి పొయ్యి పెంచకపోతే ఎంత నేర్పరైనా చేసేదేమీ లేదు. వెనకటి పెళ్ళివంటల్లో నేల తవ్వి గాడిపొయ్యి పెట్టడం ఇందుకే: గుండిగ అడుగు ఎంత వెడల్పో మంటా అంత పొడుగున నడవాలి. పొయ్యి చిన్నదే అయితే ఎసరును రెండు మూడు గిన్నెల్లో విడిగా కాచి, గుండిగలో కలుపుకోవడం ఒక్కటే దారి. మూత తప్పనిసరి. మూత లేని గుండిగ మరగడానికి దగ్గరయ్యేకొద్దీ పొయ్యి ఇచ్చే వేడిలో పెద్ద భాగం ఆవిరిగానే పోతుంది.

ఇక ఆ ఎసట్లో బియ్యం పడే ఘడియ. ఇంట్లో లీటరున్నర ఎసట్లో పావుకిలో నానిన బియ్యం పోస్తే మరుగు ఒక్క క్షణం ఆగి, నిమిషం లోపే మళ్ళీ అందుకుంటుంది. ముప్పై లీటర్ల ఎసట్లో ఐదు కిలోలు పోసినా పాళ్ళు అవే. వేడి పడిపోయేదీ అంతే, ఎనిమిది డిగ్రీల దాకా. తిరిగి మరుగు అందుకోవడానికి మాత్రం పెద్ద పొయ్యి మీద కూడా మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ నాలుగు నిమిషాలూ బియ్యం అడుగున కూర్చుంటుంది. గింజ పైపొర జిగురెక్కుతుంది, అడుగంటుతుంది. అందుకే గుండిగలో బియ్యాన్ని ఒక్కసారి కుమ్మరించకుండా, తెడ్డుతో అడుగునుంచి లేపుతూ ధారగా పోస్తారు. మళ్ళీ తెర్లు వచ్చేదాకా తెడ్డు ఆపరు. గడియారం చూడవలసింది బియ్యం పోసినప్పుడు కాదు, ఆ రెండో తెర్లు వచ్చినప్పుడు.

అక్కడినుంచి పరిమాణం మాట మరిచిపోవచ్చు. మరిగే నీటిలో గింజ ఒంటరిదే. చుట్టూ పిడికెడు గింజలున్నా పది కిలోలున్నా దానికి తెలిసేది తన చుట్టూ ఉన్న 100 డిగ్రీల నీరే. నానిన సన్నబియ్యం ఇంట్లో పది పన్నెండు నిమిషాల్లో ఉడికితే గుండిగలోనూ పది పన్నెండు నిమిషాలే. ఈ కాలాన్ని మార్చేది బియ్యం రకం. పశ్చిమగోదావరి జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి 1982లో వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, గింజ కాస్త బొద్దుది. బాపట్ల నుంచి వచ్చిన సాంబమసూరి సన్నది. బొద్దు గింజ నడిమికి వేడి, తడి చేరడానికి నాలుగు నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు. కొత్తబియ్యమైతే చూస్తుండగానే మెత్తబడుతుంది. ఇంట్లో తిన్న బియ్యం ఒకటీ, వంటకు తెచ్చిన బస్తా ఒకటీ అయితే ముందురోజు గుప్పెడు బియ్యం చిన్నగిన్నెలో ఉడికించి నిమిషాలు చూసుకోవడం ఏ పట్టికకన్నా మేలు.

తరువాత వార్పు. ఇక్కడే చాలామంది మోసపోతారు. ఇంట్లో మూత ఆనించి గిన్నె వంచితే నిమిషంలో గంజి దిగిపోతుంది. ముప్పై లీటర్ల గుండిగను ఇద్దరు పట్టుకుని వంచి, గంజంతా దిగేసరికి ఐదారు నిమిషాలు. ఆ ఐదారు నిమిషాలూ మెతుకు వేడిగంజిలో ఉడుకుతూనే ఉంటుంది. వార్చిన తరువాత కూడా రాశి నడుమ వేడి చాలాసేపు తగ్గదు. కాబట్టి ఇంట్లో మెతుకు పూర్తిగా మెత్తబడ్డాక వార్చేవారు, గుండిగ విషయంలో రెండు వేళ్ళ మధ్య మెతుకు నలిపితే నడుమ సన్నటి తెల్లని చుక్క ఇంకా కనిపిస్తుండగానే వార్పుకు దించాలి. ఆ చుక్క వార్పులో సగం, రాశిలో సగం కరిగిపోతుంది. చుక్క పోయేదాకా పొయ్యి మీద ఉంచితే విస్తట్లోకి వచ్చేది అన్నం కాదు, ముద్ద.

వార్చకుండా అత్తెసరు పెట్టేచోట లెక్క మరోలా ఉంటుంది. గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్ళన్నప్పుడు అందులో కొంత గింజ పీల్చుకుంటుంది, కొంత ఆవిరైపోతుంది. గింజ పీల్చుకునే వాటా పరిమాణంతోపాటు పెరుగుతుంది. ఆవిరయ్యే వాటా అంతగా పెరగదు. పది గ్లాసులకు ఇరవై పోస్తే అన్నం చిమిడిపోవడం ఇందువల్లే. పదిహేడు, పద్దెనిమిది గ్లాసులతో మొదలుపెట్టి, చాలకపోతే మరిగే నీళ్ళు చిలకరించుకోవచ్చు. ఎక్కువైన నీటిని తీసే ఉపాయం మాత్రం లేదు.

ఆవిరి లెక్క పులుసులకూ చారుకూ మరీ ముఖ్యం. గిన్నె ఆకారం మారకుండా ఎనిమిదింతలు పెద్దదైతే మూతి వెడల్పు రెండింతలే అవుతుంది, మూతి వైశాల్యం నాలుగింతలు. లీటరుకు దక్కే మూతి సగమైపోయిందన్నమాట. ఇంట్లో లీటరు పప్పుచారు పావుగంట సన్నసెగ మీద కాగితే 150 మిల్లీలీటర్ల దాకా ఇగురుతుంది. అదే ఆకారంలో ఉన్న పది లీటర్ల గిన్నెలో అంతసేపట్లో ఇగిరేది లీటరున్నర కాదు, అందులో సగానికి మించదు. మిగిలిన ముప్పావు లీటరు చారులోనే ఉండిపోతుంది. చారు పలచన, ఉప్పూ పులుపూ చప్పన. వెంటనే కంగారుపడి ఉప్పు వేస్తారు. ఆ తరువాత ఇగిరేసరికి కషాయమవుతుంది. సరైన పని మొదట్లోనే నీళ్ళు తగ్గించడం. పదింతలు వండితే నీళ్ళు ఏడెనిమిదింతలు పోసి, పక్కన వేడినీళ్ళ గిన్నె ఉంచుకోవాలి. ఉప్పు, కారం, చింతపండు ముప్పావు వంతు ముందు వేసి, తక్కిన పావు దించబోయే ముందు రుచి చూసి వెయ్యాలి. పులిహోర గుజ్జులాంటిది బాగా చిక్కబడాలి కాబట్టి గుండిగలో కాకుండా వెడల్పాటి మూకుడులో కాయాలి. ఇగరడమే పనైనచోట లోతు శత్రువు.

ఉల్లిపాయల వేపుడూ ఈ కోవదే. ఉల్లిపాయలో తొంభై వంతులకు దగ్గరగా నీరే. కిలో ముక్కలు ఎర్రగా వేగాలంటే ముందు ఆ నీరంతా పోవాలి. ఇంటి మూకుడులో ఐదు కిలోలు ఒకేసారి వేస్తే కిందివి వదిలిన నీటిలో పైవి ఉడుకుతాయి. గంట కలిపినా తెల్లగా మెత్తబడతాయే తప్ప వేగవు. నాలుగైదు వాయిలుగా వేపి కలుపుకుంటే కాలమూ కలిసొస్తుంది, రుచీ నిలుస్తుంది. పోపు నూనెను మాత్రం పదింతలు చేయనక్కరలేదు. నూనె ఆవాలు మునగడానికీ అడుగు తడవడానికీ కాబట్టి ఆరేడింతలు చాలు.

కూరముక్కల దగ్గర పెద్దవంట ఒక కొత్త ఇబ్బంది తెస్తుంది. ఐదు కిలోల గుమ్మడికాయ తరగవలసి వచ్చినప్పుడు చేతులు అలిసి ముక్కలు పెద్దవవుతాయి. ఎవరూ కావాలని చేయరు, కానీ జరుగుతుంది. ముక్క మందం రెండింతలైతే వేడి నడిమికి చేరడానికి పట్టే కాలం రెండింతలు కాదు, సుమారు నాలుగింతలు. దప్పళంలో అంగుళం కంద ముక్క పావుగంటలో ఉడికితే రెండంగుళాల ముక్కకు గంట కావాలి. ఆలోగా సొరకాయ, వంకాయ ఆనవాళ్ళు లేకుండా కలిసిపోతాయి. అందువల్ల ఎక్కువమందికి వండేటప్పుడు ముక్కల పరిమాణాన్ని ఇంటి కొలతకు కట్టడి చేయడం పొయ్యి దగ్గర ఎన్ని జాగ్రత్తలు పడినా రాని ఫలితం ఇస్తుంది. కంద, చిలగడదుంప ముందు, ములక్కాడ తరువాత, సొర, గుమ్మడి ఆఖరున. ఇంట్లో అన్నీ ఒకేసారి వేసి నెగ్గుకొచ్చే కుటుంబాలు కూడా గుండిగలో ఈ వరస పాటించక తప్పదు. కింద ఉన్న ముక్కల మీద పై బరువంతా పడుతుంది, తెడ్డు తిప్పిన ప్రతిసారీ మెత్తనివి చితుకుతాయి.

మందం సంగతి దిబ్బరొట్టె చెప్పినంత బాగా ఏదీ చెప్పదు. మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, దళసరి మూకుడులో నూనె వేసి, మూతపెట్టి సన్నసెగ మీద కాల్చే ఆ రొట్టెకు అడుగున ఎర్రటి పెళుసు పెచ్చు, లోపల దూది మెత్తదనం రెండూ ఒకే వేళకు రావాలి. చుట్టాలొచ్చారని అదే మూకుడులో పిండి రెట్టింపు పోస్తే నడుమ ఉడికేసరికి అడుగు బొగ్గవుతుంది. మంట ఎంత తగ్గించినా ఆ తేడా పూడదు. రొట్టె మందం పెంచకూడదు, మూకుళ్ళ సంఖ్య పెంచాలి. అంబాజీపేట పొట్టిక్కలకూ ఇదే సూత్రం. పనసాకు బుట్ట లోతైనది కాబట్టి పళ్ళెం ఇడ్లీకన్నా ఎక్కువసేపు ఆవిరి పట్టాలి, కానీ బుట్టలు పదైనా వందైనా ఒక్కోదానికి పట్టే కాలం ఒకటే. బుట్టలు ఎక్కువయ్యేకొద్దీ పెరిగేది ఆవిరి గిన్నె నిండి మూత సందుల్లోంచి బలంగా రావడానికి పట్టే వ్యవధి. నిమిషాలు అప్పటినుంచే లెక్కపెట్టాలి.

ప్రెషర్ కుక్కరులో విజిళ్ళను కాలంగా లెక్కించడం ఇంట్లో చెల్లుతుంది. పెద్ద కుక్కరులో చెల్లదు. లోపల 120 డిగ్రీల దగ్గర పప్పు ఉడికేది నిమిషాలను బట్టి. విజిళ్ళు ఎంత ఎడంగా వస్తాయన్నది కుక్కరు పరిమాణాన్నీ మంటనూ బట్టి మారుతుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూడటం నమ్మదగిన పద్ధతి. మొదటి విజిల్‌కు పట్టే సమయం పప్పుతోపాటు పెరుగుతుంది, ఆ తరువాతిది పెరగదు. పెద్ద కుక్కరు చల్లారడానికీ ఎక్కువసేపు పడుతుంది కనుక, ఆ వేడిలో ఉడికేదాన్ని లెక్కలోకి తీసుకుని రెండు మూడు నిమిషాలు తగ్గించవచ్చు. పప్పు నురగ కడుతుంది కాబట్టి కుక్కరు సగానికి మించి నింపకూడదు. ఇది రుచి విషయం కాదు, ప్రమాదం.

నూనెలో వేగేవాటికి వాయే కొలత. పూర్ణం బూరెలు పాతికైనా ఐదొందలైనా వాయికి పట్టే కాలం మారదు. వాయికీ వాయికీ మధ్య నూనె మళ్ళీ కాగే విరామం మాత్రం కలుపుకోవాలి. తొందరపడి మూకుడు నిండా వేస్తే నూనె చల్లబడి, బూరె తోపు పగిలి పూర్ణం బయటికొస్తుంది. మొత్తం కాలం అంటే వాయిల సంఖ్యను వాయి కాలంతో హెచ్చవేయడమే, ఇక్కడ ఆ గుణకారం సరిగ్గా పనిచేస్తుంది. తాపేశ్వరంలో 2016లో 29 వేల కిలోలకు పైబడిన లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. అంత లడ్డూకైనా బూందీ వేగేది మామూలు బూందీలాగే. ఏనుగంత లడ్డూలో గింజ గింజంతే.

పాకం వంటలకు నిమిషాలు అసలు పనికిరావు. అరిసెలకు కావలసిన ఉండపాకం 112 నుంచి 116 డిగ్రీల మధ్య వస్తుంది. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క వేస్తే వేళ్ళతో మెత్తని ఉండ కట్టాలి. రెండు కిలోల బెల్లం పాకం దించగానే నిలిచిపోతుంది. ఇరవై కిలోల పాకం ఇత్తడి గంగాళంలో దించాక కూడా అడుగు వేడికి ముదురుతూనే ఉంటుంది. తడిపిండి కలపడానికి పట్టే పదినిమిషాల్లో ఉండ కాస్తా గట్టిపడి అరిసెలు రాళ్ళవుతాయి. పెద్ద పాకాన్ని ఉండ ఇంకా జారుతున్నట్టుగా ఉన్నప్పుడే దించడం, పిండి జల్లించి చేతికందేలా ముందే పెట్టుకోవడం, కలిపేందుకు ఇద్దరిని నిలబెట్టడం, ఈ మూడూ ఆ పదినిమిషాల కోసమే.

దించాక జరిగే ఈ వంటను గోదావరి పెళ్ళిభోజనంలోని ఆవపెట్టిన పనసపొట్టు కూర అన్నిటికన్నా కఠినంగా పరీక్షిస్తుంది. పొట్టును పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీరు పిండి, చింతపండు రసంతో మగ్గించి, పోపు పెట్టి, చివర ముద్దగా నూరిన ఆవ కలుపుతారు. కూర వేడిగా ఉండగా ఆవ పడితే ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. ఇంట్లో అరకిలో పొట్టు కూర దించి పది నిమిషాలాగితే చాలు. పెళ్ళి గుండిగలో పాతిక కిలోల కూర పైన చేయిపెడితే చల్లగానే తగులుతుంది. జానెడు లోతున గరిటె దింపితే ఆవిరి తన్నుకొస్తుంది. కూర లోతు రెండింతలైతే నడుమ చల్లారే కాలం నాలుగింతలకు దగ్గరపడుతుంది. గుండిగలోనే ఉంచి ఎంతసేపు ఆగాలని లెక్కవేయడం కన్నా, కూరను వెడల్పాటి పళ్ళేల్లోకి రెండంగుళాల మందాన తీసి, నడుమ వేలు పెడితే గోరువెచ్చగా తగిలాక ఆవ కలపడం సులువు. పులిహోరకు అన్నం పళ్ళెంలో పరిచి ఆరబెట్టడంలో ఉన్న తెలివీ ఇదే.

లోతైన గిన్నె వేడిని పట్టి ఉంచడం రుచినే కాదు, ఆరోగ్యాన్నీ దెబ్బతీస్తుంది. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటికి కూడా చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి మొలకెత్తి విషం పుట్టిస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. మాంసం కూరల లోతైన గిన్నెలదీ ఇలాంటి ప్రమాదమే, సూక్ష్మజీవి వేరు. వడ్డించేదాకా వంటకాన్ని 60 డిగ్రీల పైన ఉంచాలి, అంటే మూత తీయగానే ఆవిరి లేవాలి. మిగిలినదాన్ని గుండిగలో వదలక వెంటనే వెడల్పు పళ్ళేల్లోకి పలచగా తీసి చల్లార్చాలి. మధ్యస్థంగా ఉంచడం అన్నిటికన్నా చెడ్డది.

ఇన్ని ఇబ్బందులకూ ఒక విరుగుడు వంటను పెంచకుండా వంటల సంఖ్యను పెంచడం. లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841–1909) వేళకాని వేళ వచ్చిన బాటసారికి కూడా అన్నం పెట్టి అన్నపూర్ణగా పేరు పొందారు. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడుల్లో మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టింది. ఎప్పుడు ఎందరొస్తారో తెలియని అలాంటి ఇంటికీ, ముహూర్తం చూసి ఒకేసారి ఐదొందల విస్తళ్ళు వేసే పెళ్ళికీ వంట లెక్క ఒకటి కాదు. మనుషులు విడతలుగా వచ్చేచోట ఒక్క పెద్ద గుండిగకన్నా వరసగా దిగే మూడు చిన్న గుండిగలు నయం. కొన్ని వంటకాలైతే ఎప్పటికీ చిన్నగిన్నెవే. వరదల కాలంలో సముద్రం నుంచి గోదావరికి ఎదురెక్కి వచ్చే పులసను వెడల్పాటి దాకలో ముక్క మీద ముక్క పడకుండా పేర్చి పులుసు పెడతారు. గరిటె పెట్టరు, దాకను రెండు చేతులా పట్టి తిప్పుతారు. రెండు చేతులా ఎత్తి తిప్పలేనంత దాకలో పులస వండితే మిగిలేది ముళ్ళూ పులుసూ. ఇరవైమందికైనా నాలుగు దాకలే పెట్టాలి.

బడి భోజనం లెక్కకు తిరిగి వస్తే, పన్నెండున్నరకు వడ్డన అనుకుంటే కాలాన్ని వెనక్కి లెక్కపెట్టుకోవాలి. అన్నం ఉమ్మగిల్లడానికి పావుగంట, ఐదేసి కిలోల రెండు గిన్నెలు వార్చడానికి పన్నెండు నిమిషాలు, ఉడకడానికి పన్నెండు, తెర్లు తిరిగి రావడానికి నాలుగు, ముప్పై లీటర్ల ఎసరు కాగడానికి పెద్ద పొయ్యి మీద పాతిక. మొత్తం అరవై ఎనిమిది నిమిషాలు. పదకొండుంబావుకు రెండు ఎసర్లూ పొయ్యిల మీద ఉండాలి. అంతకు అరగంట ముందు బియ్యం కడిగి నానబెట్టాలి. ఒకే పొయ్యి ఉంటే రెండో ఎసరు మొదటి వార్పు తరువాతే ఎక్కుతుంది కనుక మొదటిది పదిన్నరకే పెట్టాలి. పప్పు అంతకు ముందే ఉడికి దిగి ఉండాలి. పప్పు మూతకింద వేడిగా నిలుస్తుంది, తాలింపు చివర్లో పెట్టుకోవచ్చు. మొదటిసారి వండేవారు ఈ మొత్తానికి ఇరవై నిమిషాలు అదనంగా చేర్చుకుని, ఎసరు నిజంగా ఎన్నింటికి తెర్లిందో గోడమీద బొగ్గుతో రాసుకుంటే, రెండోరోజుకు ఆ పొయ్యికీ ఆ గిన్నెకూ తగిన లెక్క చేతిలో ఉంటుంది.